మీ వెంట ఎవరొచ్చారు?

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో జరిగిన వయోవృద్ధుల సమావేశంలో, ప్రభుత్వాస్పత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఒక హెడ్ నర్సు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. వినబడకపోయినా వినబడినట్టు తల ఊపడం మన వయసులో అలవాటైపోతుంది. డాక్టరు ముందు కూడా అదే చేస్తాం. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీరంతా కొంచెం ఇటు జరగండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పెద్దల ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. బీపీ గురించి, షుగర్ గురించి, మోకాళ్ల గురించి చెబుతానని అనుకొని వచ్చి ఉంటారు. ఈరోజు అవేవీ చెప్పను. ఒక ప్రశ్న గురించి చెబుతాను. నా ఉద్యోగమంతా నేను అడిగిన ప్రశ్న అది. డ్యూటీలో ఉంటే రోజుకు ఎన్నిసార్లు అడిగేదాన్నో లెక్క లేదు. ‘మీ వెంట ఎవరొచ్చారు?’

మీలో ఎంతమందిని ఈ ప్రశ్న అడిగి ఉంటారు? చూడండి, దాదాపు అన్ని చేతులూ లేచాయి.

ఒక వానాకాలం ఉదయం డెబ్బై దాటిన ఒక అమ్మ వచ్చింది. ఆయాసం. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఊపిరి అందడం లేదు. చేతిలో గుడ్డ సంచి, అందులో పాత చీటీలు. అలవాటుగా అడిగాను, ‘అమ్మా, మీ వెంట ఎవరొచ్చారు?’ అని. ‘నేనే వచ్చాను’ అన్నది. నా ప్రశ్న అర్థం కాలేదేమో అనుకొని మళ్లీ అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, ‘నా వెంట నేనే వచ్చానమ్మా’ అన్నది.

ఆమెను డాక్టరు చూశారు. బాగానే చూశారు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ రాశారు, మందులు రాశారు. అంతవరకు లోపం లేదు. ఇక అక్కడి నుంచి లెక్కపెట్టండి. ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరు గది ముందు ఒక వరుస అప్పటికే అయ్యాయి. రక్తం ఇవ్వడానికి ఇంకొక వరుస. ఎక్స్‌రే వేరే భవనంలో, అక్కడొక వరుస. ఈసీజీ పై అంతస్తులో. రిపోర్టుల కోసం మళ్లీ రావాలి. రిపోర్టులు పట్టుకొని మళ్లీ డాక్టరు దగ్గరికి. చివరికి మందుల కౌంటరు. ఎనిమిది చోట్ల నిలబడాలి. నిలబడలేకనే కదా ఆస్పత్రికి వచ్చింది!

సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తుంటే ఆమె గేటు దగ్గర చెట్టు కింద కూర్చొని కనిపించింది. మందుల చీటీ చేతిలో అలాగే ఉంది. వరుసలో నిలబడలేక పక్కన కూర్చున్నదట, కూర్చున్నంతసేపట్లో కౌంటరు మూసేశారు. ఎక్స్‌రే దాకా వెళ్లనే లేదు. ఆ పూటకు నేను మందులు కొనిచ్చి, బస్సు ఎక్కించాను. మళ్లీ రమ్మని తేదీ చెప్పాను. ఆమె మళ్లీ రాలేదు.

ఇన్నేళ్లయినా ఆ అమ్మ మాట నన్ను వదలలేదు. ఎందుకంటే, ఆ రోజు ఉదయం ఆమెను ప్రశ్న అడిగింది నేను. జవాబు విన్న తర్వాత నేను చేసింది ఏమీ లేదు. నా వార్డులో నలభై మంచాలు, ఇద్దరం నర్సులం. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. మన ఆస్పత్రులన్నీ ఒక నమ్మకం మీద నడుస్తున్నాయి. రోగి వెంట ఒక మనిషి ఉంటాడనే నమ్మకం. స్ట్రెచర్ తోయడానికి, రక్తం సీసా తేవడానికి, రాత్రి మంచినీళ్లు అందించడానికి, సెలైన్ అయిపోతే వచ్చి చెప్పడానికి. ఆ మనిషికి జీతం లేదు, మంచం లేదు, భోజనం లేదు. అటెండర్ అనే పేరు మాత్రం ఉంది. ఆ అటెండర్ లేకపోతే పని ఆగిపోతుంది.

పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇలా ఉండదని అనుకుంటున్నారా? అక్కడ వీల్‌చెయిర్ తోయడానికి మనుషులు ఉంటారు, నిజమే. కానీ అక్కడ అడ్వాన్సు ఎవరు కడతారు, ఇన్సూరెన్సు కాగితం ఎవరు నింపుతారు, ఆపరేషనుకు సంతకం ఎవరు చేస్తారు అని అడుగుతారు. సర్కారు దవాఖానాలో తోసేవారు ఎవరని అడుగుతారు, ప్రైవేటులో సంతకం చేసేవారు ఎవరని అడుగుతారు. మాట వేరు, ప్రశ్న ఒక్కటే.

108 అంబులెన్సు సంగతి మీకు తెలుసు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నేను కళ్లారా చూశాను. 2018 నుంచి బస్తీ దవాఖానాలు, అంటే బస్తీల్లోనే చిన్న సర్కారు క్లినిక్కులు, వచ్చాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేదు. దీనివల్ల పెద్ద వయసు ఆడవారు ఆస్పత్రికి రావడం ఎంత తేలికైందో ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది. ఇవన్నీ మనిషిని గేటు దాకా తెస్తున్నాయి. గేటు నుంచి మంచం దాకా ఎవరు తీసుకువెళ్తారు? నా బాధంతా ఆ కొద్ది దూరం గురించి.

ఈ హాలులో కూర్చున్న మనం ఒంటరితనం అనగానే అమెరికా పిల్లల గురించి మాట్లాడుకుంటాం. అది అబద్ధం కాదు. కానీ మన వెనక బస్తీలో ఉన్న ముసలమ్మకు కొడుకు ఇదే ఊళ్లో, అదే ఇంట్లో ఉన్నాడు. కిరాయి ఆటో నడుపుతాడు. తల్లిని ఆస్పత్రికి తీసుకువెళ్తే ఆ రోజు సంపాదన పోతుంది, ఆటో కిరాయి మాత్రం కట్టాలి. ఒక రోజు అయితే సరే. మొదటి రోజు పరీక్షలు, మూడో రోజు రిపోర్టులు, పదో రోజు మళ్లీ చూపించుకోవడం. మూడోసారికి తల్లే అంటుంది, ‘నాకు తగ్గిపోయింది బిడ్డా, నువ్వు పనికి పో’ అని. తగ్గలేదు. ఆ మాట ఎన్ని ఇళ్లలో అంటున్నారో!

ఇక ఎవరూ లేనివారు. ఫుట్‌పాత్ మీద పడిపోతే ఎవరో పుణ్యాత్ములు 108కు ఫోను చేస్తారు. కేస్ షీట్ మీద పేరు దగ్గర ‘అన్‌నోన్’ అని రాస్తాం. వయసు సుమారు 65 అని రాస్తాం. వారం రోజులకు తెలివి వచ్చి పేరు చెప్పినా, వార్డులో అప్పటికే ‘అన్‌నోన్ తాత’ అయిపోతాడు. మా నర్సులం కొందరం ఒక పట్టుదల పెట్టుకొనేవాళ్లం. తెలివి రాగానే మొదట పేరు అడిగి, కేస్ షీట్ దిద్దించి, ఆ పేరుతోనే పిలవాలి. ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలి, పోలీసు కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, పరమానంద్ కటారా కేసులో. ఎవరూ లేరనే కారణంతో ఏ మనిషినీ వెనక్కి పంపకూడదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే, అలా పంపుతున్నప్పుడు పక్కన నిలబడి అడగవలసింది మీరూ నేనే.

చట్టం ఏమి చెబుతోంది అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. చెబుతాను, వినండి, ఇది ముఖ్యం. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. కొడుకు అన్నం పెట్టకపోతే కేసు వేసే చట్టం అని మాత్రమే మనకు తెలుసు. అందులో 20వ సెక్షన్ పూర్తిగా వైద్యం గురించే. ప్రభుత్వాస్పత్రుల్లో అరవై దాటిన వారందరికీ ‘వీలైనంత వరకు’ మంచాలు ఇవ్వాలి అంటుంది. రాజ్యాంగం 41వ అధికరణంలో కూడా వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ఆదుకోవాలని ఉంది, కానీ ‘ఆర్థిక శక్తి మేరకు’ అని ఉంది. వీలైనంత వరకు, శక్తి మేరకు. ఈ మాటలు అడ్డుపెట్టుకొని తప్పించుకోవచ్చు.

కానీ అదే 20వ సెక్షన్‌లో రెండో మాట చూడండి. వయోవృద్ధులకు విడిగా వరుసలు ఏర్పాటు చేయాలి. అక్కడ ‘వీలైనంత వరకు’ లేదు. అంటే మంచం లేదని చెప్పవచ్చునేమో గానీ, వరుస లేదని చెప్పకూడదు. చాలాచోట్ల ఓపీ కౌంటరు దగ్గర ‘సీనియర్ సిటిజన్స్’ అని బోర్డు ఉంటుంది. రక్తం తీసేచోట ఉందా? ఎక్స్‌రే దగ్గర ఉందా? మందుల కౌంటరు దగ్గర ఉందా? నేను చెప్పిన అమ్మ ఓడిపోయింది మొదటి వరుసలో కాదండీ, చివరి వరుసలో. కాబట్టి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ప్రతి కౌంటరు దగ్గరా అడగండి. లేకపోతే సూపరింటెండెంటుకు ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఇవ్వండి. సెక్షన్ నంబరు రాయండి. తేదీ వేసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. కోపంగా రాయనక్కరలేదు. లోపల పనిచేసిన మనిషిగా చెబుతున్నాను, ముద్ర పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు వెతకాలి.

పథకాల గురించి త్వరగా చెబుతాను. ఆరోగ్యశ్రీ పరిమితి మన తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షలు. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై నిండిన వారికి, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఏడాదికి ఐదు లక్షలు. భార్యాభర్తలిద్దరికీ డెబ్బై నిండితే ఇద్దరికీ కలిపి ఆ మొత్తం. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అయితే రెండింటి పని ముఖ్యంగా ఆస్పత్రిలో చేరితేనే. రోజూ వేసుకొనే బీపీ మాత్ర ఇందులో రాదు, దానికి బస్తీ దవాఖానాకు వెళ్లండి. చేరిన ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందని అడగండి. ఆ ఉద్యోగం పెట్టిందే మీకు దారి చూపడానికి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జీవితమంతా ఇటుకలు మోసినవారి, బట్టలు ఉతికినవారి వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం గుర్తుపట్టదు. ఓటీపీ వస్తుంది, కానీ ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఎప్పుడో పోగొట్టుకున్న ఫోనుది. వయ వందన కార్డుకు కంటిపాపతో, ముఖం ఫోటోతో కూడా గుర్తింపు చేయవచ్చు. వేలిముద్ర పడలేదని ఎవరైనా వెనక్కి పంపితే ఆ మాట చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న ఈ రోజుల్లోనే వెళ్లి ఫోను నంబరు సరిచేయించుకోండి. జ్వరంతో వణుకుతూ మీసేవ దగ్గర నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

సరే. ఇప్పుడు అసలు విషయం. వెంట వెళ్లేవారు ఏమి చేయాలి? స్ట్రెచర్ తోయడం, సీసా మోయడం కాదు, అంతకంటే పెద్ద పని ఉంది.

ఎనభై ఒకటేళ్ల లెక్కల మాస్టారు ఒకరు. భార్య పోయారు, ఒంటరిగా ఉంటారు. మూడు రోజులుగా పొంతన లేని మాటలు, పగలు నిద్ర, రాత్రి లేచి తిరగడం. ఎదురింటి ఆవిడ ఆటోలో తీసుకొచ్చింది. క్యాజువాలిటీలో ఒక చిన్న డాక్టరు చూసి, ‘పెద్ద వయసు, మతిమరుపు’ అని రాయబోతున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ‘కాదు బాబూ, పోయిన ఆదివారమే మా మనవడికి వడ్డీ లెక్కలు చెప్పారు. మూడు రోజుల నుంచే ఇలా ఉన్నారు. పది రోజుల కిందట బీపీకి కొత్త మాత్ర రాశారు, ఇదిగో’ అని అట్ట తీసి చూపించింది. ఒంట్లో నీరు తీసే మాత్ర అది. రక్తపరీక్షలో సోడియం బాగా పడిపోయిందని తేలింది. జాగ్రత్తగా, మెల్లగా సరిచేశారు. వారంలో మాస్టారు ఇంటికి వెళ్లారు, అదే మనిషిగా వెళ్లారు.

ఆవిడ చదువు ఐదో తరగతి. కానీ ఆ గదిలో ఆవిడకు తెలిసింది డాక్టరుకు తెలియదు. మాస్టారు ఆదివారం ఎలా ఉన్నారో ఆవిడకు తెలుసు.

పెద్ద వయసులో జబ్బు వేషం మార్చుకొని వస్తుంది. న్యుమోనియా ఉంటుంది, జ్వరం ఉండదు. గుండెపోటు వస్తుంది, ఛాతీలో నొప్పి ఉండదు, ఆయాసమో నీరసమో మాత్రమే ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షను వస్తే మంట అనరు, మనిషి తికమక పడతారు. హఠాత్తుగా వచ్చే ఈ మతిచలనాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. ఏళ్లతరబడి మెల్లగా వచ్చే మతిమరుపు వేరు, రెండు మూడు రోజుల్లో వచ్చేది వేరు. రెండోది అత్యవసరం. ఆ తేడా స్కానింగు చెప్పదు. నిన్నా మొన్నా చూసిన మనిషి చెప్పాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, నేను ఇవాళ వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

అందుకే వెళ్లేటప్పుడు మందులన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. చీటీలు కాదు, మందులే. ఆయుర్వేదం, హోమియో, పక్కింటివారు ఇచ్చిన నొప్పి మాత్ర, అన్నీ. కళ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు ఇంట్లో మరిచిపోకండి. అవి లేకుండా మంచం మీద పడుకోబెడితే బాగున్న మనిషి కూడా అయోమయంలో పడతారు.

ఇంకొక మాట, ఇది వెంట వెళ్లేవారికి. ‘నాన్న తింటున్నారా? మోషన్ అవుతోందా?’ అని డాక్టరు కొడుకును అడుగుతారు. నాన్న అక్కడే, ఎదురుగా, స్టూలు మీద కూర్చొని ఉంటారు. ఎన్ని వేలసార్లు చూశానో! ఆ మనిషి రైల్వేలో ముప్పై ఐదేళ్లు పనిచేసి ఉంటాడు, ఇంటిని నడిపి ఉంటాడు. ఇప్పుడు తన కడుపు గురించి చెప్పే హక్కు కూడా లేదా? అప్పుడు మీరు మెల్లగా ‘సార్, ఆయన్నే అడగండి, కొంచెం గట్టిగా అడగండి’ అనాలి. ఆ మాట ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు అనాలి. పాతబస్తీ నుంచి వచ్చిన ఉర్దూ మాట్లాడే పెద్దావిడ అయితే, ఆ భాష వచ్చిన వారిని ఒకరిని పిలవమని అడగాలి. సైగలతో వైద్యం వద్దు.

మొదట చెప్పాను కదా, వినబడకపోయినా తల ఊపడం గురించి. గది నుంచి బయటికి వచ్చాక పెద్దవారిని అడగండి, ‘డాక్టరు ఏమి చెప్పారు, మీరు ఒకసారి చెప్పండి’ అని. పరీక్ష పెట్టినట్టు కాదు, మీకోసం అడిగినట్టు. చెప్పలేకపోతే తలుపు మళ్లీ తట్టండి. డాక్టరు విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వండి. ఉదయం వేసుకోవలసిన మాత్ర రాత్రి వేసుకోవడం కంటే ఆ విసుగు మేలు.

ఒక్కసారైనా మీరు గది బయటికి రావాలి కూడా. ఆశ్చర్యపోకండి. కొడుకు ముందు, కోడలి ముందు చెప్పుకోలేనివి ఉంటాయి. నవ్వినా దగ్గినా మూత్రం పడిపోతోందని చెప్పలేరు. ఇంట్లో కొడుతున్నారని, రాత్రి అన్నం పెట్టడం లేదని అసలే చెప్పలేరు. ‘మేము బయట ఉంటాము, అమ్మతో మీరు ఒక నిమిషం మాట్లాడండి’ అని నర్సుకు చెప్పండి. ఒకసారి ఒక తల్లి చేతి మీద కమిలిన గుర్తులు చూసి అడిగితే ‘పడ్డాను’ అన్నది. కొడుకు టీ తాగడానికి వెళ్లాక మళ్లీ అడిగాను. అప్పుడు ఏడ్చింది.

అలాంటప్పుడు 14567కు ఫోను చేయండి. వయోవృద్ధుల హెల్ప్‌లైను, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఇప్పుడు దేశమంతా ఉంది గానీ దీని పుట్టుక మన హైదరాబాదులోనే. ఇల్లు రాయించుకొని చూడడం మానేస్తే, చూసుకోవాలనే షరతు ఆ కాగితంలో ఉంటే, 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషను రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ షరతు రాయించుకోకుండా ఎవరూ సంతకం చేయకండి. కన్నబిడ్డకైనా సరే. ప్రేమ ఉన్నచోట ఒక వాక్యం ఎక్కువైతే నష్టం లేదు.

కేస్ షీట్ కాపీ ఇవ్వరు అని ఎవరో అంటున్నారు. ఇవ్వాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నిబంధనల్లో 2002 నుంచి ఉంది. రాతపూర్వకంగా అడగండి.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి బతికారని చెబుతారు. ఆ పక్కగా వెళ్లినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. వాళ్లలో చెట్టెక్కలేని ముసలివారిని ఎవరో కింద నుంచి ఎత్తి ఉంటారు, పై నుంచి ఎవరో చెయ్యి అందించి ఉంటారు. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో అడిగి ఉండరు.

మన కాలనీలో మేము ఎనిమిది మందిమి కలిసి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఒకవైపు ఆస్పత్రికి వెళ్లవలసినవారి పేరు, తేదీ, వాళ్లు రాయమన్నంత వరకు జబ్బు వివరం. ఇంకొకవైపు వెంట వెళ్లేవారి పేరు. ఆ ఇంటికి ముందు రోజు సాయంత్రమే వెళ్లి మందుల సంచి సర్దుతాం, అడగవలసిన మూడు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసిపెడతాం. డబ్బు తీసుకోం, డబ్బు పట్టుకోం, ఏ కాగితం మీదా వాళ్ల తరఫున సంతకం చేయం. ఈ మూడు నియమాలు మొదటి రోజే రాసుకున్నాం. వెనక బస్తీ కూడా మా పుస్తకంలో ఉంది. ఆటో నడిపే ఆ అబ్బాయి ఇప్పుడు తల్లిని ఉదయం గేటు దగ్గర మాకు అప్పగించి పనికి వెళ్తాడు, మధ్యాహ్నం వచ్చి తీసుకువెళ్తాడు. ఆమె మూడు నెలలుగా ఒక్క తేదీ తప్పలేదు.

పుస్తకం ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. వచ్చే గురువారం పేజీ తీశాను. ఇద్దరు వెళ్లాలి. ఒకరు మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రికి, శుక్లాల ఆపరేషను తర్వాత చూపించుకోవడానికి. ఇంకొకరు గాంధీ ఆస్పత్రికి, షుగర్ పుండుకు కట్టు మార్పించుకోవడానికి, ఆవిడకు మెట్లు దిగడం కష్టం. కంటి ఆస్పత్రికి నేను వెళ్తున్నాను. గాంధీకి వెళ్లేవారి పేరు దగ్గర ఇంకా ఖాళీగా ఉంది. ఉదయం ఏడున్నరకు బయలుదేరాలి. కలం ఇక్కడే పెడుతున్నాను.